ఊరంతా అడిగిన ఎక్కం

మొన్న మా కాలనీలో ఉండే ఒక కొత్త టీచరమ్మ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఉద్యోగం వచ్చి ఆమెకు ఇంకా ఏడాది కాలేదు. వచ్చే టర్మ్‌లో ఏ తరగతి పిల్లలు ఏం నేర్చుకుంటారో తల్లిదండ్రులకు తెలిసేటట్టు ఒక పట్టిక రాసుకుంది. శ్రద్ధగా రాసింది. బాగుందమ్మా అన్నాను. ఆమె అంతటితో ఊరుకోలేదు.

"దీన్నే బడి గోడ మీద పెద్దగ రాయిస్తే ఎట్లుంటది సార్? శామీర్‌పేట దిక్కు ఒక సారు అట్లనే రాయించిండట. ఊరంత పిల్లల్ని అడిగేటోళ్లట" అంది.

ఆ సారును నేనే. ఆ మాట వినగానే ఒకప్పుడైతే మీసం మీదికి చెయ్యి పోయేది. ఇప్పుడు మాత్రం వద్దమ్మా అన్నాను. ఎందుకు వద్దో చెప్పేసరికి రెండు టీలు తాగడం అయిపోయింది. రిటైరైన మాస్టారు దగ్గరికి సలహా కోసం వస్తే ఆ మాత్రం నష్టం తప్పదు. ఆమె పోయాక, ఆమెలాంటి వాళ్లు ఇంకా చాలామంది ఉంటారు కదా అనిపించి ఇది రాస్తున్నాను.

మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు పోయే దారిలో ఉన్న ఒక ఊరి ప్రాథమిక పాఠశాల అది. రిటైర్మెంటుకు నాలుగేళ్ల ముందు హెడ్మాస్టరు ప్రమోషన్ మీద అక్కడికి వెళ్లాను. ఐదు తరగతులు, కాగితం మీద ముగ్గురు టీచర్లు. ఆ ముగ్గురిలో ఒకాయన ఎప్పుడూ డెప్యుటేషన్ మీద ఇంకెక్కడో ఉండేవాడు. ఆయన్ని చూసిన దానికన్నా ఆయన సంతకం చూసిందే ఎక్కువ. మిగిలింది నేను, ఒక చిన్న టీచరు. వయసులో నా కూతురంత. ఆదివారం మేడ్చల్‌లో చర్చికి వెళ్లి పిల్లలకు పాటలు నేర్పి, సోమవారం అదే గొంతుతో మా ఒకటో తరగతికి అక్షరాలు నేర్పేది. ఆమె తక్కువ మాట్లాడేది, నేను ఎక్కువ మాట్లాడేవాణ్ణి. అందుకే మా ఇద్దరికీ ఎన్నడూ గొడవ రాలేదు.

ప్రతి టర్మ్ మొదట్లో పిల్లలు ఏం నేర్చుకోబోతున్నారో ఒక కాగితం మీద జిరాక్సు తీయించి ఇళ్లకు పంపేవాళ్లం. పంపామని రిజిస్టర్లో రాసుకునేవాళ్లం. మా పిల్లల తల్లిదండ్రులు రైసు మిల్లులో హమాలీలు, కోళ్లఫారాల్లో పనిచేసేవాళ్లు, ఆటోలు నడిపేవాళ్లు, తెల్లారకముందే కంపెనీ బస్సెక్కి పోయేవాళ్లు. చదివేంత తీరిక ఎవరికి ఉంటుంది? ఒకరోజు బడి ఎదురుగా ఉన్న టీ హోటల్లో నాకు నాలుగు మిర్చీబజ్జీలు పొట్లం కట్టి ఇచ్చారు. విప్పి చూస్తే మా మూడో తరగతి కాగితమే. 'కథ చదివి సొంత మాటల్లో చెప్పగలుగుతారు' అన్న వాక్యం మీద నూనె మరక.

నాకు రోషం వచ్చింది. కాగితం చదవకపోతే గోడ చదువుతారు అనుకున్నాను. ఆ జూన్‌లోనే, బడి తెరిచిన రెండు వారాలకు, రోడ్డు వైపు గోడకు తెల్లరంగు వేయించి, నీలం రంగు డబ్బా పట్టుకుని నేనే నిచ్చెన ఎక్కాను. నా దస్తూరి మీద నాకు మొదటినుంచీ గర్వం. పైన 'ఈ టర్మ్‌లో మా పిల్లలు నేర్చుకునేవి' అని రాసి, కింద ఒక్కో తరగతికి ఒక్కో వరుస రాశాను. రెండో తరగతికి కూడికలు, తీసివేతలు. మూడో తరగతికి కథ చదివి చెప్పడం. నాలుగో తరగతికి పది దాకా ఎక్కాలు. ఇలా. అన్నిటికన్నా కింద, అందరికన్నా తెలివైనవాణ్ణి అనుకుంటూ, 'దారిన పోయే పెద్దలారా, పిల్లలు కనబడితే అడిగి చూడండి' అని రాశాను.

చిన్న టీచరు కింద నిలబడి నిచ్చెన పట్టుకుంది. నేను దిగాక మెల్లగా, ఆ కింది వరుస అవసరమా అని అడిగింది. నాలుగో తరగతిలో ఉన్నదే పదకొండు మంది, ఎవరెవరో ఊరందరికీ తెలుసు, ఎవరికి ఏది రాదో కూడా తెలిసిపోతుంది కదా అంది. నేను ఆమెకు సమాజ భాగస్వామ్యం గురించి పావుగంట చెప్పాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆమె తల ఊపి నిచ్చెన లోపల పెట్టడానికి పోయింది.

గోడ పనిచేసింది. ఆ మాట అబద్ధం చెప్పను. వారం తిరక్కుండానే ఊరు ఊరంతా మాస్టర్లయింది. ఆటో ఆయన పిల్లల్ని ఎక్కించుకునే ముందు ఒక కూడిక అడిగేవాడు. మంగలి షాపులో సగం కటింగు అయ్యాక ఆపి, కథ చెప్తేనే మిగతాది అనేవాడు. చర్చిలో పాస్టరమ్మ కూడా బైబిలు వాక్యం చెప్పించుకున్నాక ఒక ఎక్కం చెప్పించుకునేదట. అందరినీ మించినవాడు టీ హోటలాయన. తాను మూడో తరగతి దాకే చదివినా, గల్లాపెట్టె పక్కన ఎక్కాల పుస్తకం కొని పెట్టుకున్నాడు. జవాబు చెప్పిన పిల్లకు ఒక ఉస్మానియా బిస్కెట్. పొద్దున బెల్లుకు ముందు హోటల్ దగ్గర పిల్లల గుంపు. మండలం నుంచి ఒక అధికారి వచ్చి చూసి ఫొటో తీసుకుని వాట్సాప్‌లో పెట్టాడు. చుట్టుపక్కల బడుల నుంచి ఫోన్లు వచ్చాయి. ఆ నెల రోజులు నా నడకే మారిందని మా ఆవిడ అనేది.

ఆ నాలుగో తరగతి పదకొండు మందిలో ఒక ఆడపిల్ల ఉండేది. వాళ్లమ్మ పూలమ్మేది. రావల్కోల్ దిక్కు తోటల నుంచి పూలు తెచ్చి, ఇంట్లో అల్లి, గండిమైసమ్మ గుడి దగ్గర కూర్చుని అమ్మేది. పిల్ల నెమ్మదస్తురాలు, మాట తక్కువ, చదవడం బాగానే వచ్చు. ఎక్కాల్లో ఆరు దాకా ఎట్లాగో వచ్చేది. ఏడుకు వచ్చేసరికి ఏడు నాలుగుల దగ్గర ఆగిపోయేది. తరగతి గదిలో ఆగిపోతే మళ్లీ మొదటినుంచి చెప్పిస్తాం, అంతే. టీ హోటల్ ముందు, పదిమంది చాయ్ గ్లాసులు పట్టుకుని చూస్తుండగా ఆగిపోతే అది వేరే సంగతి. అందరూ అందించేవాళ్లు, ఇరవై ఎనిమిది బిడ్డా, ఇరవై ఎనిమిది అని. అందించేకొద్దీ ఆ పిల్ల గొంతు లోపలికి పోయేది.

ఎవరూ తిట్టలేదు. ఎవరూ చెడ్డవాళ్లు కారు. హోటలాయనకు ఆ పిల్ల అంటే ఇష్టం కూడా. రోజూ ఆమెనే పిలిచి, ఇయ్యాల చెప్తే రెండు బిస్కెట్లు అనేవాడు. అట్లా అడిగి అడిగి ఆమెకు 'ఏడో ఎక్కం' అని పేరు పడింది. 'అగో, ఏడో ఎక్కం వస్తాంది' అని ఒకాయన అంటే మిగతా వాళ్లు ముద్దుగా నవ్వేవాళ్లు. ఒకరోజు నేనూ అక్కడే ఉన్నాను. నేనూ నవ్వాను. ఈ వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది.

ఆగస్టులో ఆ పిల్ల ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. ప్రార్థన అయిపోయాక, వెనక వైపు పడిపోయిన గోడ సందులోంచి వచ్చి వరుస చివర నిలబడేది. చెప్పులకు బురద, గౌనుకు ఊక పొట్టు. మేడ్చల్ నుంచి బస్సెక్కి వచ్చే నేనే ముందు వస్తున్నాను, రోడ్డు దాటితే బడి ఉన్నదానివి నీకేమైంది అని అందరి ముందూ నిలబెట్టి అడిగాను. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. ఆమె చెప్పుల బురద వైపు చూస్తూ నిలబడేది. సెప్టెంబరులో వారానికి రెండు రోజులు రావడం మానేసింది. జ్వరాల కాలం కదా అనుకున్నాను. హాజరు పట్టీలో సున్నాలు చుట్టుకుంటూ పోయాను.

దసరా సెలవులు ఇచ్చే రోజు వాళ్లమ్మ వచ్చింది. ఆఫీసు గది గడప బయటే నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సారూ, గా గోడ మీద నాలుగో తరగతి వరుస జర తుడిపేస్తరా?" అంది.

ఎందుకమ్మా అన్నాను. పిల్ల పొద్దున లేవగానే కడుపునొప్పి అంటుందని, బడి పేరెత్తితే ఏడుస్తుందని, ఊరోళ్లు అడుగుతుంటే పరేషాన్ అయితుందని చెప్పింది. నేను వెంటనే అందుకున్నాను. అడిగితేనే కదా వచ్చేది, సిగ్గు పోతేనే చదువు వంటబడుతుంది, రేపు పెద్ద పరీక్షల్లో ఎవరు జాలి చూపిస్తారు అని నాకు తెలిసిన ధర్మాలన్నీ చెప్పాను. ఆమె అంతా విన్నది. విన్నాక ఒక్క మాట అంది.

"సదువు వద్దంటలేను సారూ. మీరు నేర్పుండ్రి. ఊరికి జెప్పకుండ్రి."

జవాబు లేనప్పుడు హెడ్మాస్టర్లు చేసే పనే చేశాను. చూద్దాంలే అన్నాను. ఆమె పోతూ పోతూ, దసరా అయ్యాక పిల్లను కుత్బుల్లాపూర్‌లో తన చెల్లెలి ఇంట్లో ఉంచుతానని, అక్కడ దాన్ని ఎవరూ ఎరగరని చెప్పింది. ఆ చెల్లెలు పొద్దున పోయి రాత్రికి వచ్చే కంపెనీ పని మనిషి. అక్కడ ఆ పిల్లను బడికి ఎవరు పంపుతారు? సంవత్సరం మధ్యలో ఇట్లా బంధువుల ఇంటికి పోయిన ఆడపిల్లలు మళ్లీ ఏ బడి పట్టీలోనూ కనబడకపోవడం నా ఉద్యోగంలో చాలాసార్లు చూశాను. అది తెలిసి కూడా ఆ సాయంత్రం గోడ జోలికి పోలేదు. ఫొటో తీసుకున్న అధికారి ఏమనుకుంటాడో అని ఆలోచించాను.

సెలవులు అయిపోవస్తుండగా చిన్న టీచరు ఫోన్ చేసింది. రెండో టర్మ్‌కు పాఠాల ప్లాన్ రాస్తోందట. "సార్, నాలుగో తరగతికి పదిమందికి రాయాల్నా, పదకొండు మందికి రాయాల్నా?" అని అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేనూ కోప్పడి తప్పించుకునేవాణ్ణి.

మర్నాడు పొద్దున ఆ పిల్ల ఇంటికి వెళ్లాను. తల్లీ కూతుళ్లు వాకిట్లో గోనెపట్టా మీద చామంతులు పోసుకుని కూర్చున్నారు. పిల్ల కాలి బొటనవేలికి దారం చుట్టుకుని అల్లుతోంది. అటు రెండు పూలు, ఇటు రెండు పూలు, ఒక ముడి. చేతుల వైపు చూడనే చూడటం లేదు. నన్ను చూడగానే చేతులు ఆగాయి. నేను ఆ పట్టా మీదే కూర్చుని, ఇటివ్వు నేను అల్లుతా అన్నాను. రెండు పూలు పెట్టి ముడి వేయబోతే మూడు పూలు జారాయి. ముడి వేలికి పడింది. పిల్ల ముందు పెదాలు బిగబట్టుకుంది, తర్వాత నవ్వేసింది. జూలై తర్వాత ఆమె నవ్వు చూడటం నాకు అదే మొదలు.

"మీకు రాదు సార్" అంది.

"నేర్పితే వస్తది గదా."

"నేర్పినా రాదు. మీ చేతి ఏళ్లు లావున్నయి."

జనవరి సెలవుల లోపల మూర పూలు అల్లి చూపిస్తానని, రోజూ ఇంటర్వెల్‌లో ఆమే నాకు నేర్పాలని, అందుకు ఆమె బడికి రావాలని పందెం వేశాను. వాళ్లమ్మ పూలు అల్లుతూనే మా ఇద్దరినీ చూస్తోంది. పిల్ల నేను జార్చిన పూలు ఏరుకుంది.

"మీది గూడ గోడ మీద రాస్తరా?" అని అడిగింది.

రాస్తానన్నాను. బడి తెరిచిన రోజు ఆమె వచ్చింది. మళ్లీ ఆలస్యంగానే, వెనక సందులోంచే. అయినా వచ్చింది కదా అని సంతోషించాను.

గోడ మీద రెండో టర్మ్ పట్టిక రాశాను. నాలుగో తరగతికి భాగహారాలు, భిన్నాలు. చివర, 'పెద్దసారు: మూర పూలు అల్లడం'. కింది వాక్యం మాత్రం తీయలేదు. అందరినీ అడుగుతున్నప్పుడు ఎవరికీ బరువనిపించదు అని నా లెక్క. పైగా, నిజం చెప్పాలంటే, ఆ వాక్యం అక్షరాలు చాలా బాగా కుదిరాయి.

ఊరికి పండగే అయింది. హోటలాయన ఒక గ్లాసులో పూలు, దారపుండ సిద్ధంగా పెట్టాడు. బస్సు దిగి రోడ్డు దాటబోతే పిలుపు. "సారూ, చాయ్ తర్వాత. ముందుగాల ఒక జానెడు అల్లుండ్రి." మొదటి రోజు నేనూ నవ్వుతూ కూర్చున్నాను. పూలు రాలుతుంటే అందరితో పాటు నవ్వాను. మూడో రోజు కండక్టరు బస్సు ఆపి మరీ చూశాడు. ఐదో రోజుకు నాకు 'పూల సారు' అని పేరు వచ్చింది. పిల్లలు, వాళ్ల తండ్రులు, కిరాణా కొట్టు ముందు నిలబడ్డ ఆడవాళ్లు, అందరూ అందించేవాళ్లే. అట్ల కాదు సారూ, గిట్ల పట్టుండ్రి, ముడి గట్టిగ గుంజుండ్రి అని. చెప్పేకొద్దీ నా వేళ్లు కొయ్యబారేవి. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అన్న సామెత నేను పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. అర్థం అయింది మాత్రం అప్పుడే.

ఇంటర్వెల్‌లో ఆ పిల్ల నేర్పుతుంటే మాత్రం వచ్చేది. వచ్చిందంటే, పూలు నిలిచేవి. ఆమె నా చెయ్యి పట్టుకుని దారం చుట్టించేది. తప్పు వేస్తే విప్పి మళ్లీ ఇచ్చేది. గింత గూడ రాదా అని ఒక్కసారి కూడా అనలేదు. ఎవరైనా దగ్గరికి వస్తే పూలు ఒళ్లో దాచి, వాళ్లు పోయేదాకా ఆగేది. నన్ను కాపాడుతోందని నాకు తట్టలేదు.

రెండు వారాలు గడిచాయి. ఒక పొద్దున బస్సు మా స్టేజీకి ముందు స్టేజీ దగ్గర, రైసు మిల్లు ముందు ఆగితే నేను దిగిపోయాను. డాక్టరు నడవమన్నాడు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. డాక్టరు చెప్పి అప్పటికి మూడేళ్లయింది. మిల్లు వెనక నుంచి, ఊక కుప్పల పక్కగా, మురికి కాలువ గట్టు మీదుగా బడి వెనక్కి ఒక దారి ఉంది. అట్లా వెళ్తే టీ హోటల్ తగలదు. మర్నాడూ అట్లాగే వెళ్లాను. మూడో రోజు మిల్లు గోడ మలుపు తిరిగేసరికి ఎదురుగా ఆ పిల్ల. సంచీ ఛాతీకి హత్తుకుని నిలబడి ఉంది.

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఇక్కడేం చేస్తున్నావని నేను అడగలేదు. మీరిక్కడెందుకు సార్ అని ఆమె అడగలేదు. నా వయసు యాభై ఏడు, ఆమెకు తొమ్మిదేళ్లు. ఇద్దరం ఎవరి నుంచి తప్పించుకుంటున్నామో ఇద్దరికీ తెలుసు.

"లారీ వస్తది సార్, జర ఆగుండ్రి" అంది. ఆగాను. ఒక నిమిషానికి మిల్లు గేటులోంచి లారీ వచ్చి వెళ్లిపోయింది. "ఇగ రాండ్రి. ఊక మీద కాలు పెట్టకుండ్రి, దిగబడ్తది. గా రాళ్ల మీదికెల్లి రాండ్రి" అంటూ ముందు నడిచింది. నా కోసం రాళ్లు చూపిస్తూ, వెనక్కి తిరిగి చూసుకుంటూ. కాలువ దగ్గర ఒక కుక్క లేచింది. "అది ఏమనది సార్. దానికి నేనెరుకే. మీరు నా ఎన్కనే ఉండుండ్రి."

ఆ పిల్లకు ఆ దారిలో ప్రతి రాయీ తెలుసు. ఏ లారీ ఎప్పుడు వస్తుందో తెలుసు. కుక్క కూడా ఎరిగినదే. అది ఒక రోజులో, ఒక వారంలో వచ్చే చదువు కాదు. రోడ్డు దాటితే బడి ఉన్న పిల్ల, మూడు నెలలుగా ఊరి చుట్టూ తిరిగి, లారీలూ కుక్కలూ దాటుకుని బడికి వస్తోంది. ఆలస్యమెందుకైందని నేను నిలబెట్టి అడిగింది ఈ పిల్లనే. మొదటి టర్మ్‌లో ఆమె నిజంగా నేర్చుకున్నది ఇదే. నా గోడ మీద ఆ సంగతి లేదు కానీ, నేర్పింది నేనే. గట్టు మీద నడుస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఆమె ముందు నడుస్తోంది కాబట్టి చూడలేదు.

పడిపోయిన గోడ సందు దగ్గర ఆమె ఆగింది.

"మీరు ముందు పోండ్రి సార్. ఇద్దరం ఒక్కసారే వోతే అడుగుతరు" అంది.

నేను ముందు వెళ్లాను. ఆ రోజు ప్రార్థనలో ఏం మాట్లాడానో గుర్తు లేదు. ఆమె ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చి వరుస చివర నిలబడింది. నేను ఏమీ అడగలేదు. పిల్లలు తరగతుల్లోకి పోయాక చిన్న టీచరుకు జరిగింది చెప్పాను. నేను ముందే చెప్పిన కదా అనే హక్కు ఆమెకు ఉంది. ఆమె ఆ మాట అనలేదు.

"స్టోర్ రూంల సున్నం ఉన్నది సార్. నానవెట్టాల్నా?" అని అడిగింది.

మధ్యాహ్నం భోజనాల బెల్లుకు ముందే గోడంతా సున్నం వేశాను. నీలం అక్షరాలు ఒక్క పూతకు పోలేదు, రెండు పూతలు పట్టాయి. అంత బాగా రాశాను మరి. హోటలాయన భుజం మీద తువ్వాలు సర్దుకుంటూ రోడ్డు దాటి వచ్చాడు. "ఏమైంది సారూ, గంత మంచిగుండె" అన్నాడు. ఆ పిల్ల ఏ దారిన బడికి వస్తోందో చెప్పాను. నేనూ మూడు రోజులుగా ఏ దారిన వస్తున్నానో అది కూడా చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది.

"నేను బిస్కెట్లే ఇచ్చిన సారూ. ఒక్కమాట అనలే. నా మనుమరాలసొంటిది అది" అన్నాడు.

"నేను గూడ ఏమనలే. గోడే రాసిన" అన్నాను.

ఆయన బకెట్ పక్కన గొంతుక్కూర్చున్నాడు. సాయంత్రం వాళ్లింటికి పోయి ఆ బిడ్డకు ఒక మాట చెప్పి రావాలా అని అడిగాడు. వద్దన్నాను. మనం పోయి చెప్తే అది ఇంకో రకం అడగడం అవుతుంది, ఊరుకో, నలుగురినీ ఊరుకోమని చెప్పు అన్నాను. ఆయన ఆ పని చేశాడు. ఆ ఊళ్లో ఆయన మాటకు నా గోడకన్నా విలువ ఎక్కువ.

తర్వాత, ఏ పిల్ల ఏం నేర్చుకోబోతోందో ఆ పిల్ల తల్లికో తండ్రికో, నెలకోసారి బడికి పిలిచినప్పుడు, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాం. అది చిన్న టీచరు పద్ధతి. రాని వాళ్ల ఇంటికి మేమే పోయేవాళ్లం. పదకొండు మందికి పదకొండు రకాల ప్లాన్లు రాయాల్సి వచ్చింది. కష్టమే. ఈ పిల్ల కాగితంలో భిన్నాలు కాదు, మళ్లీ ఆరో ఎక్కం నుంచి మొదలు. ఏప్రిల్ నాటికి ఏడు పూర్తిగా వచ్చింది. మధ్యలో ఒకచోట ఊపిరి తీసుకునేది, అంతే. మండలం నుంచి వచ్చిన అధికారి గోడ ఏదని అడిగి, చెప్తే విని, ఫొటో ఏమీ తీసుకోకుండా వెళ్లిపోయాడు.

నా మూర మాత్రం పూర్తి కాలేదు. జనవరి సెలవులకు ముందు రోజు, పందెం కదా అని అల్లిన దండ ఆమె చేతికి ఇచ్చాను. నా చేతికి కొలిస్తే మోచేతి దాకా రాదు. ఆమె దాన్ని తన చేతికి పెట్టుకుని కొలిచి, "అయింది సార్" అంది. నేను ఇన్నేళ్లలో దిద్దిన పేపర్లలో అంత దయగా ఒక్క మార్కు కూడా వేసి ఉండను.

ఇక దారి సంగతి. గోడకు సున్నం వేయడానికి ఒక పూట చాలింది. ఆ పిల్ల పెద్దరోడ్డు మీదికి రావడానికి రెండు నెలలు పైనే పట్టింది. గోడ తెల్లబడిందని ఆమెకు తెలుసు. అయినా రోజూ మిల్లు వెనక నుంచే వచ్చేది. రమ్మని నేను చెప్పలేదు. పొద్దున పూట ఆ వెనక సందు దగ్గర, లారీ వేళకు, చెట్లకు నీళ్లు పోసే నెపంతో నిలబడేవాణ్ణి. కొత్తగా చేరిన మీలాంటి వాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. మనం ఒక మాటతో మూసిన దారి తెరుచుకోవడానికి చాలా రోజులు పడుతుంది. అన్ని రోజులూ ఓపికగా నిలబడటం తప్ప చేయగలిగింది ఏమీ ఉండదు.

జనవరి సెలవులయ్యాక నాలుగో రోజో ఐదో రోజో. వెనక సందు దగ్గర లారీ వచ్చి పోయింది, పిల్ల రాలేదు. కుత్బుల్లాపూర్ పంపేశారా అనుకుంటూ ముందు గేటు దగ్గరికి వచ్చాను. రోడ్డు అవతల ఆమె నడిచి వస్తోంది. సంచీ ఛాతీకి హత్తుకుని, తల వంచుకుని, గబగబా. హోటల్ ముందు ఎప్పటిలాగే ఐదారుగురు నిలబడి ఉన్నారు. హోటలాయన ఆమెను చూశాడు. చూసి, వెంటనే తల తిప్పుకుని చాయ్ వడపోయడంలో పడ్డాడు. ఎవరో ఏదో అనబోతే వాళ్ల చేతిలో గ్లాసు పెట్టాడు. ఆమె హోటల్ దాటింది, ఆటోలు దాటింది, రోడ్డు దాటి గేటు దగ్గరికి వచ్చింది. అప్పుడు తల ఎత్తింది. ముఖమంతా చెమట.

"ఎవ్వరు ఏం అడగలే సార్" అంది.

సరే, లోపలికి పో, బెల్లయింది అన్నాను. అంతకన్నా మంచి మాట ఆ క్షణాన నాకు రాలేదు.